డబ్లిన్ రేవు నేర్పిన పాఠం

న్యాయశాస్త్రం చదివేందుకు వరాహగిరి వెంకటగిరి బరంపురం నుంచి డబ్లిన్‌కు వెళ్లిన 1913వ సంవత్సరంలోనే ఆ రేవు నగరం కార్మిక పోరాటంతో అట్టుడికింది. సంఘాన్ని వీడబోమన్న సుమారు 20 వేల మందిని యజమానులు పనుల నుంచి గెంటివేశారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ నడిపిన ఆ పోరు నెలల తరబడి సాగి, చివరకు ఓడింది.

1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం అనుమానపు నీడ గిరిపైనా పడింది. బారిస్టరు అర్హత దక్కినా, డిగ్రీ పూర్తికాకుండానే ఆయన ఐర్లండ్‌ను వీడవలసి వచ్చింది.

స్వదేశంలో, సహాయ నిరాకరణ పిలుపునందుకుని 1920లో న్యాయవాద వృత్తిని వదిలారు. 1928లో ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల కోసం బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే సమ్మెను శాంతియుతంగా నడిపించారు. డబ్లిన్ కార్మికులకు దక్కని గెలుపు ఇక్కడివారికి దక్కింది. 1969లో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన గిరి, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.