గడప దాటిన చీపురు

ఇల్లు ఊడ్చి, ఆ చెత్త తీసుకెళ్లి వీధి మలుపులో పడేస్తే మన పని అయిపోయినట్టేనా? గడప లోపల అద్దంలా మెరుస్తుంటే చాలు, గడప అవతల ఏమైపోయినా మనకి పట్టదా? నూట ముప్పయ్యేళ్ల క్రితం చికాగో నగరంలో ఒకావిడకి ఇదే ప్రశ్న ఎదురైంది. జవాబు కోసం ఆవిడ తెల్లవారుజామునే లేచి చెత్తబండ్ల వెంట నడిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లకి నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకుంది. ఆవిడ పేరు జేన్ ఆడమ్స్.

1860 సెప్టెంబరు 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని సీడర్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది జేన్. తండ్రికి పిండిమిల్లు ఉండేది. రాష్ట్ర సెనేట్ సభ్యుడు, అబ్రహాం లింకన్‌కి స్నేహితుడు. డబ్బుకి లోటు లేదు. కానీ ఆ పిల్లకి రెండేళ్లు దాటాయో లేదో తల్లి పోయింది. ఆపైన వెన్నెముకకి క్షయ సోకి వీపు కాస్త వంగిపోయింది.

1881లో రాక్‌ఫర్డ్‌లో చదువు పూర్తయింది. ఆ ఏడాదే తండ్రి కూడా పోయాడు. డాక్టరు కావాలని ఫిలడెల్ఫియాలో వైద్య కళాశాలలో చేరిందిగానీ వెన్నునొప్పి చదువు సాగనివ్వలేదు. చదువుంది, డబ్బుంది. చేయడానికి పని మాత్రం లేదు! పెళ్లి వద్దనుకున్న ఆడపిల్ల ఇంకేం చేయాలో ఆ రోజుల్లో అక్కడా ఎవరికీ తెలీదు మరి.

1888లో లండన్ వెళ్లినప్పుడు టాయిన్‌బీ హాల్ చూసింది. చదువుకున్న యువకులు పేదల వాడలోనే నివాసముంటూ వాళ్లకి తోడ్పడుతున్నారు. మనమూ అలా ఎందుకు చేయకూడదు అనుకుంది. మర్నాటి ఏడాది, అంటే 1889 సెప్టెంబరులో, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి చికాగో హాల్‌స్టెడ్ వీధిలో ఓ పాత భవంతిలో దిగింది. అదే హల్ హౌస్.

చెత్తపెట్టెలే ఆటస్థలం

అది నగరంలోని పంతొమ్మిదో వార్డు. ఇటలీ, గ్రీసు, రష్యా, ఐర్లండ్... ఇలా ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన జనం ఇరుకిళ్లలో కిక్కిరిసి ఉండేవారు. వీధుల్లో పేవ్‌మెంటుకి బిగించిన పెద్ద పెద్ద కొయ్య చెత్తపెట్టెలుండేవి. బండి వాళ్లకి తీరికైనప్పుడు ఎత్తేవాళ్లు, లేదంటే లేదు. పళ్లమ్ముకునేవాళ్లు పారేసిన కుళ్లు పళ్లు, గుడ్డపేలికలు ఏరుకొచ్చి అమ్ముకునేవాళ్లు వదిలేసిన మురికి... అన్నీ అందులోనే.

పిల్లలకి వేరే ఆటస్థలమంటూ లేదు. తప్పటడుగులేసే పసివాడు మొట్టమొదట ఎక్కడం నేర్చుకునేది ఆ పెట్టెనే. కాస్త పెద్దవాళ్లు యుద్ధం ఆట ఆడితే కోటగోడా అదే, విసురుకునే గుండ్లూ అందులోవే. ఆ పిల్లలే జబ్బున పడేవారు. ఆ వార్డులో మరణాలు చాలా ఎక్కువ.

హల్ హౌస్ వాళ్లు ఊరుకోలేదు. తమ ఆవరణలో చెత్త కాల్చే చిన్న పొయ్యి కట్టించారు. నగరపాలక కార్యాలయానికి ఫిర్యాదులు పంపారు. వలస వచ్చిన తల్లులని కూర్చోబెట్టి చెప్పారు. పల్లెటూళ్లో వాకిలి ఊడ్చి చెత్త అవతల పోస్తే ఎండకీ గాలికీ అదే పోతుంది. ఇరుకు వాడలో అలా కుదరదు, ఇంటితో పాటు వీధినీ చూసుకోవాలి అని నచ్చజెప్పారు.

అంతలో జేన్ అక్క కొడుకుని ఆవిడే పెంచాల్సి వచ్చింది. నలతగా ఉండే ఆ పిల్లాడికి అంటురోగాలు సోకుతాయన్న భయంతో దూరంగా బోర్డింగు బడికి పంపేసింది. పంపాక సిగ్గుపడింది. తన పిల్లాణ్ని పంపడానికి చోటుంది. చుట్టుపక్కల తల్లుల పిల్లలు మాత్రం వల్లకాటికే పోతున్నారు. అది చూస్తూ కూడా ఇన్నాళ్లూ గట్టి పని ఏం చేశాను అని మథనపడింది.

పన్నెండుమంది ఇల్లాళ్లు

1894 వేసవిలో హల్ హౌస్ మహిళా సంఘం ముందు ఈ సంగతి పెట్టారు. పన్నెండుమంది ఇల్లాళ్లు ముందుకొచ్చారు. గొప్పింటి ఆడవాళ్లేం కాదు. పగలంతా బట్టలుతికి, ఇస్త్రీ చేసి, రాత్రి వంట ముగించుకున్నాక హాయిగా గుమ్మంలో కూర్చుని గాలి పీల్చుకోవాల్సిన వాళ్లు. పైగా చావులు ఎక్కువగా ఉన్నది చాలామందికి తమ వీధుల్లో కాదు, పరాయి భాషల వాళ్ల వీధుల్లో. అయినా వారానికి మూడు సాయంత్రాలు, మండే వేసవిలో, సందుసందూ తిరిగారు. ఇరుగుపొరుగుతో మాటలు పడ్డారు. ఎక్కడ ఏ పెట్టె పొంగిపొర్లుతోందో రాసుకున్నారు. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలల్లో ఆరోగ్యశాఖకి వెళ్లిన ఫిర్యాదులెన్నో తెలుసా? 1,037! అదీ ఊరికే కాదు, ఆధారాలతో సహా.

ఆ దెబ్బకి ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు బదిలీ అయ్యారు. చెత్త మాత్రం కదల్లేదు.

1895లో జేన్ విసిగిపోయింది. వార్డు చెత్త ఎత్తే కాంట్రాక్టు నాకే ఇవ్వండంటూ టెండరు వేసేసింది! ఏదో సాంకేతిక కారణం చూపించి పక్కన పెట్టారు. కానీ ఈ గొడవ మేయరు దాకా వెళ్లింది. ఆయన ఆవిణ్ని ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమించాడు. జీతం ఏడాదికి వెయ్యి డాలర్లు.

ఇక రోజూ ఉదయం ఆరింటికల్లా వీధిలో ఉండాల్సిందే. పనివాళ్లు వేళకి వచ్చారా లేదా చూడటం, నిండిన బండ్లు దారిలో పారబోయకుండా డంపు దాకా వెంట వెళ్లడం. మునుపటి ఇన్‌స్పెక్టరు ఏడు బండ్లతో సరిపెట్టేవాడని, ఒక్కో బండికీ తనకి నష్టమేనని కాంట్రాక్టరు మొత్తుకున్నాడు. జేన్ వినలేదు. తొమ్మిది బండ్లని పదమూడు, పదమూడుని పదిహేడు చేయించింది. సరైన చెత్తడబ్బాలు పెట్టని ఇళ్ల యజమానుల్ని కోర్టుకెక్కించింది. పాత రేకు డబ్బాలు వాడుకునే ఫ్యాక్టరీ ఊరు మొత్తానికి ఒక్కటే ఉంటే, దానికి పట్టనన్ని డబ్బాలు పంపించింది.

ఓ ఇరుకు వీధిలో చెత్త తవ్వుతుంటే అడుగున్నర లోతున రాళ్లు పరిచిన బాట బయటపడింది! అక్కడో బాట ఉందన్న సంగతే అంతా మర్చిపోయారు. ఎనిమిది అంగుళాల చెత్త తాను తీయించి, మిగతాది మీ బాధ్యతేనని రోడ్ల అధికారితో పోట్లాడింది. చివరికి మేయరునే తన బండిలో ఎక్కించుకెళ్లి చూపించింది. ఆయన ఆవిడ పక్షమే వహించాడు.

ఆడపనా, మగపనా?

వాడలోని ఆడవాళ్లే కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఆడది చెత్తబండి వెంట తిరగడమేమిటని. రోగికి సేవ చేయడం ఆడపనైతే, ఆ రోగం రాకుండా చూడటమూ ఆడపనే కదా అని జేన్ ఓపిగ్గా చెప్పేది.

ఫలితం ఊరికే పోలేదు. నగర వార్డుల్లో మరణాల పట్టికలో మూడో స్థానంలో ఉన్న ఆ వార్డు ఏడో స్థానానికి దిగింది. ఆ కబురు చెప్పినప్పుడు మహిళా సంఘంలో చప్పట్లు మోగిపోయాయి. మోగవూ మరి! ఆ విజయంలో వాళ్ల చెమట ఉంది. పిల్లలకీ ఓ చోటు దొరికింది. విలియం కెంట్ అనే ఆసామి తన పాత ఇళ్లు కూల్చి ఇచ్చిన స్థలంలో హల్ హౌస్ ఆ 1890లలోనే ఆటస్థలం నడిపింది.

అయితే కథ సుఖాంతం అనుకునేరు! వార్డు బాగుపడటం అక్కడి కార్పొరేటరుకి నచ్చలేదు. చెత్త పనినీ రోడ్ల పనినీ ఒకే ఉద్యోగం కిందికి తెచ్చే తీర్మానం పెట్టించాడు. ఆ పరీక్ష రాయడానికి మగవాళ్లే అర్హులట! అలా జేన్ తర్వాత మూడేళ్లుగా ఆ పని చక్కగా చేస్తున్న మహిళ ఉద్యోగం ఊడింది. ఓటు లేనివాళ్ల కష్టం ఎంత తేలిగ్గా తుడిచిపెట్టుకుపోతుందో అర్థమైంది. స్త్రీల ఓటుహక్కు కోసం జేన్ గట్టిగా పనిచేసింది. 1920లో అమెరికా అంతటా ఆ హక్కు రావడం కళ్లారా చూసింది. యుద్ధాలకు వ్యతిరేకంగా చేసిన కృషికి 1931లో నోబెల్ శాంతి బహుమతి పంచుకుంది. అది అందుకున్న తొలి అమెరికన్ మహిళ ఆవిడే. 1935 మే 21న కన్నుమూసింది.

ఈసారి నలుగురు ఆడవాళ్లు కలిసి ఏ పార్కో, చెరువుగట్టో శుభ్రం చేద్దామనుకుంటే ఆ పన్నెండుమందినీ ఓసారి తలుచుకోండి. చీపుర్లతో పాటు ఓ పుస్తకం, పెన్నూ పట్టుకెళ్లండి. ఎక్కడ ఎంత చెత్త ఉందో, ఎవరు తీయాల్సి ఉందో, తీశారో లేదో రాయండి. ఎత్తిన చెత్త ఎక్కడికి పోతోందో వెంట వెళ్లి చూడండి. లేకపోతే ఆదివారం ఊడ్చిన చోటే సోమవారానికి మళ్లీ గుట్ట పెరుగుతుంది.