డికెన్సు వాకిట బారులు

పేరుగన్న నాటకసమాజము ఊరికి వచ్చినప్పుడు టిక్కెట్ల గది కిటికీ యెదుట నిలుచుట యెట్టిదో మన పాఠకులలో పెక్కండ్రకు తెలియును. ముందువాని వీపు తప్ప వేరేమియు కనబడదు. లోపల గంట మ్రోగుచుండును. టిక్కెట్లు అయిపోయినవని యొకడనును, లేదు ఇంకను ఉన్నవని మరియొకడనును. వెడలిపోవుటకు మనసొప్పదు, నిలుచుటకు కాళ్ళొప్పవు. ఇట్టి నిరీక్షణలలో చరిత్రకెక్కినది యొకటి 1867వ సంవత్సరపు చలికాలమున అమెరికాలో జరిగినది. ఆ జనము చూడగోరినది నాటకము గాదు, గానసభయు గాదు. ఒక నవలాకారుడు తన రచనలను తానే చదువగా వినుటకై వారు రాత్రులు మంచులో నిలిచిరి. ఆ నవలాకారుడు చార్లెస్ డికెన్సు.

ఆయన 1812 ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమునందలి పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. మంచివాడే గాని రాబడిని మించి వ్యయము చేయువాడు. 1824లో అప్పులవారు ఆయనను మార్షల్సీ చెరసాలలో పెట్టించిరి. పండ్రెండేండ్ల చార్లెస్ థేమ్సు నది యొడ్డున, ఎలుకలు తిరుగు పాతకొంపలోనున్న యొక బూట్ల నల్లరంగు కార్ఖానాలో పనికి కుదిరెను. రంగుడబ్బాలకు కాగితము కప్పి, దారము కట్టి, పేరుచీటి అంటించుట అతని పని. వారమునకు ఆరు షిల్లింగుల కూలి. కొన్నాళ్ళకు కార్ఖానా వేరొక వీధికి మారినది. అచ్చట వెలుతురు కొరకు పిల్లలను వీధికిటికీ ప్రక్కన కూర్చుండబెట్టిరి. వారి చేతివడిని చూచుటకు దారినబోవువారు ఆగి గుమిగూడెడివారు. డికెన్సును చూచుటకు జనము గుమిగూడుట బహుశః అదియే మొదటిసారి. ఆ సిగ్గు ఆయనను జీవితాంతము విడువలేదు. ఆప్తమిత్రుడు జాన్ ఫార్‌స్టరునకు చెప్పుకొనిన యీ కథ, ఆయన మరణించిన పిమ్మట ఫార్‌స్టరు వ్రాసిన జీవితచరిత్ర వలననే లోకమునకు వెల్లడియైనది.

చెర తీరినది, చదువు కొంత సాగినది. వకీలు కచేరీలో గుమాస్తాగిరి, పిదప సంక్షిప్తలేఖనము నేర్చి పార్లమెంటు విలేకరి పని. ఆ దినములలో డికెన్సునకు నాటకముపై మితిలేని మోజు. మూడేండ్లపాటు దాదాపు ప్రతిరాత్రియు ఏదో యొక నాటకశాలకు పోయెను. ఇంటికి వచ్చి అద్దము ముందు నడకలును, కూర్చుండుటలును అభ్యసించెను. 1832లో కోవెంట్ గార్డెన్ నాటకశాలవారు పరీక్షకు రమ్మనిరి. సరిగా ఆనాడే పడిసెము పట్టి ముఖము వాచినది, పోలేకపోయెను. మరల ప్రయత్నించుటకు ముందే పత్రికారచనలో పేరు వచ్చినది. ఆ పడిసెము పట్టకున్నచో ఆంగ్లనవల గతి యేమైయుండెడిదో!

1836లో ఆరంభమైన పిక్విక్ పేపర్స్ మొదలు ఆయన రచనల విజయకథ అందరెరిగినదే, దానిని విస్తరింపను. ఆయన కీర్తి నెలనెలకు వెలువడు చౌక సంచికలపై నిలిచినదని మాత్రము గుర్తుంచుకొనవలయును. పుస్తకము కొనలేని వారి యిండ్లకును ఆ సంచిక చేరినది. తన పాఠకులు బీదవారని ఆయన యెన్నడును మరువలేదు.

1853 డిసెంబరులో బర్మింగ్‌హాం పురమందిరమున, ఒక విద్యాసంస్థకు నిధి కూర్చుటకై, ఆయన తన క్రిస్మస్ కథలను బహిరంగముగా చదివెను. మూడు సభలు జరిగినవి. మూడవది పనివాండ్ర కొరకే యుండవలయుననియు, ఆరు పెన్నీలకు మించి టిక్కెట్టు పెట్టరాదనియు ఆయన పట్టుపట్టెను. ఆ రాత్రి రెండువేలకు పైగా కార్మికులు వచ్చిరి. ఏ మాటకు నవ్వవలయునో ఆ మాటకు నవ్విరి, ఏ చోట కన్నీరు పెట్టవలయునో ఆ చోట పెట్టిరి. అద్దము ముందు అభ్యసించిన బాలుడు ఆ రాత్రి తన రంగస్థలమును కనుగొనెను.

ధర్మార్థము చదువుట వేరు, డబ్బు పుచ్చుకొని చదువుట వేరు. రచయిత వేదిక యెక్కి టిక్కెట్లమ్ముకొనుట మర్యాద గాదని ఫార్‌స్టరు వారించెను. కాని 1858లో డికెన్సు గృహము విచ్ఛిన్నమగుచుండెను. పదిమంది బిడ్డలను కనిన భార్య కేథరినుతో ఆ సంవత్సరమే ఎడబాటు. ఎలెన్ టెర్నన్ అను యువనటితో పరిచయము అంతకు ముందటి యేటనే కలిగినది. ఇంటనుండి ఎచటికైనను పారిపోవలయునను మనఃస్థితిలో ఆయన ఏప్రిల్ 29న లండనులో తన మొదటి వృత్తిపఠనము చేసెను. భార్య విషయమున ఆయన నడత న్యాయమైనదని నేను చెప్పజాలను. ఆనాడును అనేకులు చెప్పలేదు. అయినను జనము సభలకు రాకమానలేదు.

ఆ పఠనమన నేమో కొంచెము చెప్పవలయును. వేదికపై ఆయన తానే రూపొందించుకొన్న చిన్న బల్ల, వెనుక ముదురెరుపు తెర, పైన గ్యాసుదీపముల వరుస, అంతే. వేషము లేదు, తోడు లేదు. పుస్తకము చేతిలో నున్నను కంఠస్థమగుటచే దానిని చూచుట అరుదు. లోభి స్క్రూజు పలికినప్పుడు ఒక గొంతు, కుంటిబాలుడు టిం పలికినప్పుడు వేరొక గొంతు. కనుబొమ్మ కదలికతో న్యాయాధిపతియు, వ్రేళ్ళ కదలికతో నాట్యసభయు కండ్లకు గట్టెడివి. ఒక్క గజ్జె, ఒక్క చిడతల జోడుతో మహాభారతమంతయు వేదికపైకి తెచ్చు హరికథకుని ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు. ఆంగ్లేయులకు మాత్రము ఇది క్రొత్త. ఇంగ్లండులో ఆయన సభలకు ఒక షిల్లింగు చోట్లు తప్పక ఉంచెడివారు.

అమెరికానుండి పిలుపులు ఏండ్లతరబడి వచ్చుచుండెను. 1842లో ఆయన ఆ దేశమునకు పోయి, తన పుస్తకములను అనుమతి లేకయే అచ్చువేసికొనుచున్న ప్రచురణకర్తలపై వాదించి, తిరిగివచ్చి ఆ దేశమును గూర్చి కటువుగా వ్రాసియుండెను. తరువాత 1861 నుండి 1865 వరకు అచట అంతర్యుద్ధము. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఆయన ఎక్కిన రైలు వంతెనపై పట్టాలు తప్పి పదిమంది మరణించిరి. ఆయన గాయపడకున్నను నాటినుండి రైలెక్కినచో వణకు పుట్టెడిది. ఎడమకాలు వాచుచుండెను. ఇట్టి దేహముతో ఏబదియైదేండ్ల వయసున ఆయన సముద్రము దాటుటకు సమ్మతించెను. అక్కరలు పెద్దవి, బిడ్డలు పెక్కండ్రు. చప్పట్ల యాకలి అంతకంటె పెద్దది.

నిర్వాహకుడు జార్జి డాల్బీ ముందుగా పోయి ఏర్పాటులు చేసెను. టిక్కెట్టు అన్నిచోట్లకు నొకటే వెల, రెండు డాలర్లు. ఇది కూలివాని దినవేతనమునకు మించినదే. బోస్టనులో నవంబరు 18న అమ్మకము. ముందునాటి రాత్రినుండియే జనము ప్రచురణకర్తల దుకాణము ముందు చేరి, గడ్డిపరుపులు పరచుకొని, తిండియు పొగాకును దగ్గర నుంచుకొని గడ్డకట్టు చలిలో పండుకొనిరి. తెల్లవారునప్పటికి ఆ బారు అర్ధమైలు పొడవైనది. మొదటి నాలుగు సభల టిక్కెట్లు ఆ యొక్కనాడే చెల్లిపోయినవి. డికెన్సు ఓడ అప్పటికింకను రేవు చేరలేదు!

న్యూయార్కులో ఇంకను ఘోరము. ఆయన యింటికి వ్రాసిన జాబు ప్రకారము ఉదయము ఎనిమిది గంటలకు అయిదువేల మంది చేరిరి. వరుసలు ముప్పావుమైలును మించినవి. ప్రక్క హోటళ్ళ పరిచారకులు డిసెంబరు చలిలో పరుగెత్తుచు నిలుచున్నవారికి నిలుచున్న చోటనే ఫలహారము లందించిరి. కిటికీకి దగ్గరగా నున్నవానితో స్థానము మార్చుకొనుటకు వెనుకవారు అయిదేసి పదేసి డాలర్లు ఇవ్వజూపిరి.

అచట నిలిచినవారందరు డికెన్సు పాఠకులేనా? కారు. అందే యున్నది చిక్కు. మారుబేరగాండ్రు కూలివాండ్రను కుదిర్చి బారు మొదటనే నిలిపిరి. రెండు డాలర్ల టిక్కెట్టు వీధిమలుపున పదింతలకు పైగా అమ్ముడుపోయెను. డాల్బీ మనిషికి ఇన్ని టిక్కెట్లే యని హద్దు పెట్టెను. వారు మనుషులను పెంచిరి. టిక్కెట్లు దొరకని జనము డాల్బీపై విరుచుకొనిపడెను. పత్రికలు ఆయనను నానావిధముల దూషించినవి. తుదకు డికెన్సు సిబ్బందిలోనే యొకడు ఆ బేరములో పాలు పంచుకొనుచున్నట్లు బయటపడినది. వెల పెంచినచో ఆ లాభము డికెన్సునకే దక్కెడిది. ఆయన పెంచలేదు. కాని పెంచకపోవుట వలన బీదవానికి ఒరిగినదియు లేదు. నడుమ నిలిచినవాడు తినిపోయెను. బర్మింగ్‌హాంలో ఆరు పెన్నీలకు పట్టుపట్టిన మనుష్యుడు, దీనిని చూచుచు నేమియు చేయజాలకపోయెను. ఆయన జాబులలో హాస్యముగా వర్ణింపబడిన యీ ఘట్టములలో ఆ నిస్సహాయత లోపల వినబడుచునే యుండును.

బ్రూక్లినులో 1868 జనవరిలో చదువుటకు చర్చి తప్ప తగిన కట్టడము దొరకలేదు. టిక్కెట్ల అమ్మకపు ముందురాత్రి బేరగాండ్రు ఒక్కొక్కడు పరుపు, రెండు కంబళ్ళు, రొట్టెమాంసముల సంచి, విస్కీ సీసాతో వచ్చి పండుకొనిరి. చలికి తాళలేక, కొయ్యయిండ్లు గల ఇరుకు వీధిలో పెద్ద నెగడు వేసిరి. పోలీసులు వచ్చి ఆర్పబోగా పెద్ద కలహము. ఆ సందడిలో వెనుకనున్నవారు ముందుకు దూకి, తమ పరుపులను తెచ్చి అచట పరచిరి. తెల్లవారి డాల్బీ టిక్కెట్ల పెట్టెతో రాగా, అదే జనము జయజయధ్వానములు చేసినది.

ఇంత శ్రమపడి లోనికి పోయినవారందరు తృప్తులైరని చెప్పలేము. 1867వ యేటి చివర న్యూయార్కు సభలో కూర్చున్న యువ విలేకరి మార్క్ ట్వేను, డికెన్సు గొంతు బొంగురుగా నున్నదనియు, తనకు నిరాశ కలిగినదనియు తన పత్రికకు వ్రాసెను. అయితే ఆ సభకు తన ప్రక్కన వచ్చిన కన్యనే కొంతకాలమునకు వివాహమాడెను గనుక, ఆయన సాయంకాలము వృథా కాలేదు.

బొంగురు గొంతునకు కారణము కలదు. అమెరికా చేరిన కొలది దినములకే డికెన్సునకు పట్టిన జలుబు తుదివరకు వదలలేదు. నిద్ర లేదు, తిండి సయింపదు. ఉదయము మీగడలో రమ్ము, మధ్యాహ్నము షాంపేను, సభకు ముందు షెర్రీలో గిలకొట్టిన గ్రుడ్డు, ఇదే ఆహారము. సాయంకాలమునకు లేవలేని మనిషి దీపముల వెలుగులోనికి రాగానే రెండు గంటలు ఉగ్రుడై చదివెడివాడు; పిమ్మట సోఫాపై పడిపోయెడివాడు. వాకిట బారు పొడవగుకొలది లోపలివాని ఆయువు కురుచయగుచుండెను. డెబ్బదియారు సభలు జరిగినవి. ఖర్చులు పోను సుమారు 19,000 పౌనులు మిగిలినవి.

టిక్కెట్టు దొరకనివారి కథ యొకటి చెప్పవలయును. 1868 మార్చి చివర పోర్ట్‌లండు పట్టణమున సభ. కేట్ అను పదునొకండేండ్ల బాలిక డికెన్సు నవలలను దాదాపు అన్నియు చదివినది. తల్లి సభకు పోయినది. బాలికకుగూడ కొనుటకు ఆ వెల యెక్కువ. మరునాడు తల్లితో రైలులో పోవుచు ఆమె అదే రైలులో డికెన్సును చూచి, ప్రక్కచోటు ఖాళీ కాగానే పోయి కూర్చున్నది. నవలలలో విసుగు పుట్టించు భాగములను మాత్రము దాటిపోవుదునని చెప్పగా ఆయన పగలబడి నవ్వి, ఆ భాగములేవో చెప్పుమని పట్టుపట్టెను. సభకు రావలయునని చాల కోరిక యుండెనా యని అడిగెను. చెప్పలేనంత యని బదులిచ్చుచు ఆమె కండ్లు నింపుకొన్నది. తలయెత్తి చూడగా ఆయన కండ్లును అట్లే యుండెను. ఈ బాలికయే పెద్దదై కేట్ డగ్లస్ విగ్గిన్ అను పేర ప్రసిద్ధ రచయిత్రియై, 1912లో ఈ ప్రయాణమును గూర్చి చిన్న పుస్తకము వెలువరించినది. ఆ యాత్ర మొత్తములో బేరగాని చేయి సోకని శ్రోత ఆమె యొకతెయేమో!

ఇంగ్లండు చేరిన డికెన్సు విశ్రమింపలేదు. 1869 జనవరినుండి, ఆలివర్ ట్విస్ట్ నవలలో సైక్సు నాన్సీని చంపు ఘట్టమును చదువనారంభించెను. స్త్రీలు మూర్ఛిల్లెడివారు. ఏప్రిలులో ఒడలు తూలగా వైద్యులు యాత్రను నిలిపివేసిరి. వారి యనుమతితో 1870లో లండనున పండ్రెండు వీడ్కోలు సభలు. వైద్యుడు వేదిక ప్రక్కనే కూర్చుండి నాడి చూచుచుండెను. డెబ్బదిరెండు కొట్టు నాడి ఆ హత్యాఘట్టము చదివిన పిదప నూటయిరువదిని దాటెడిది. మార్చి 15న తుదిసభ. జూన్ 9న, రైలు ప్రమాదము జరిగిన తేదీనాడే, ఏబదియెనిమిదవ యేట ఆయన గాడ్స్‌హిల్ గృహమున మరణించెను. మిగిల్చిన యాస్తి సుమారు 93,000 పౌనులు. అందు దాదాపు సగము పఠనములు తెచ్చినదే.

ఆడంబరము వలదని ఆయన వ్రాసియుంచుటచే, జూన్ 14 ఉదయము వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పట్టుమని యిరువదిమంది లేకయే ఆయనను భూస్థాపితము చేసిరి. ఈ వార్త నగరమున వ్యాపించినది. సమాధిని కప్పక కొన్నాళ్ళు తెరచియే యుంచిరి. వేలకొలది జనము బారు తీరి వచ్చి, ఒక్కొక్కరు లోనికి తొంగిచూచి, తెచ్చిన పూలు అందు విడిచి పోవుచుండిరి.