గ్రామ పరపతి సంఘముల మూలపురుషుడు రైఫైజన్

అప్పు పుట్టని రైతునకు సేద్యము సాగదు. వడ్డీ మితిమీరిన రైతునకు పొలము మిగులదు. ఈ రెండు ఆపదల నడుమ నలుగుచున్న పల్లెలకు త్రోవ చూపిన మహనీయులలో ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ రైఫైజన్ అగ్రగణ్యుడు.

ఈయన 1818వ సంవత్సరము మార్చి 30వ తేదీన జర్మనీ దేశమున, సీగ్ నదీతీరమునగల హమ్ అను గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు సంతానములో ఏడవవాడు. బాల్యముననే తండ్రి అండ కొఱవడగా తల్లి పెంచెను. ఊరి క్రైస్తవ గురువు చదువు చెప్పెను. పదునేడవ యేట సైన్యమున చేరెను గాని, నేత్రవ్యాధి వలన 1843లో ఆ కొలువు విడువవలసివచ్చెను. 1845లో వైయర్‌బుష్ అను పల్లెల సముదాయమునకు గ్రామాధికారి అయ్యెను.

మరుసటి యేడే పంటలు పోయి క్షామము కలిగెను. రైఫైజన్ కలిమిగలవారిచే చందాలు వేయించి, ఊరుమ్మడి పొయ్యి కట్టించి, పేదలకు చౌకగా, అప్పుమీద రొట్టెలిప్పించెను. 1848లో ఫ్లామర్స్‌ఫెల్డునకు మారెను. అచట పశువులను అప్పుకొన్న రైతులు వడ్డీవ్యాపారుల చేత చిక్కి చెడుట చూచెను. 1849లో సుమారు 60 మంది సంపన్నుల ఉమ్మడి హామీపై ధనము తెచ్చి, రైతులకు పశువులు కొనియిచ్చి, ఆ వెలను అయిదేండ్ల వాయిదాలలో రాబట్టు సంఘమును స్థాపించెను. 1854లో హెడ్డెస్‌డోర్ఫున మరియొక ధర్మసంఘమును నెలకొల్పెను.

అయితే ఏండ్లు గడచుకొలది సంపన్నుల ఉత్సాహము సన్నగిల్లెను. దాత అలసినచో ధర్మమాగును; పుచ్చుకొనువాడు పుచ్చుకొనువాడుగనే మిగులును. ఇన్నేండ్ల తన శ్రమకు వేసిన పునాదియే చాలదని అంగీకరించుట ఆయనకు సులభము కాలేదు. అయినను అంగీకరించెను. 1864లో హెడ్డెస్‌డోర్ఫున క్రొత్త పరపతి సంఘము వెలసెను. అప్పు కోరువాడు ముందుగా సభ్యుడు కావలెననునది దాని మూలసూత్రము.

రైఫైజన్ సంఘముల కట్టుబాట్లు తెలియదగినవి. సంఘము ఒక చిన్న ప్రాంతమునకే పరిమితము. ఎవని నడవడి యెట్టిదో అందఱెఱుగుదురు. ఒకని అప్పు మునిగినచో సభ్యులందఱు తమ యావదాస్తితో బాధ్యులు. అందుచే ప్రతివాడు పొరుగువాని అప్పు దేనికి వినియోగపడుచున్నదో కనిపెట్టి యుండును. బయటివారును నమ్మి ధనము దాచుదురు. ఎంత ఆస్తి గలవానికైనను ఓటు ఒక్కటే. లాభము పంచుకొనరు, విడదీయరాని నిధిగా నిలువచేయుదురు. పెద్దలు ఉచితముగా పనిచేయుదురు. లెక్కలు వ్రాయు గణకునకు మాత్రము కొంత వేతనము గలదు.

ఇంతలో కష్టములు చుట్టుముట్టెను. 1863లో భార్య మరణించెను. చూపు మందగించుటచే 1865లో ఉద్యోగము విడిచెను. చాలీచాలని ఉపకారవేతనముతో, పొగచుట్టల తయారీ, ద్రాక్షసారాయి వర్తకములతో సంసారము నడపెను. కుమార్తె అమాలియా ఆయనకు కన్నై చదువుచు, వ్రాయుచు నుండెను. 1866లో తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. పట్టణ సంఘముల స్థాపకుడు షుల్జే-డెలిచ్ వాటాధనము లేని సంఘములు నిలువజాలవని తీవ్రముగా ఆక్షేపించెను. తుదకు రైఫైజన్ స్వల్పమైన వాటాలకు సమ్మతించెను గాని, లాభము పంచుకొనుటకు మనసొప్పలేదు. 1888 మార్చి 11న, డెబ్బది యేండ్లు నిండుటకు కొలది దినముల ముందు, నాయ్‌వీడ్ పట్టణమున తనువు చాలించెను.

ఆయన బాట మన దేశమునకును చేరెను. మద్రాసు ప్రభుత్వోద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్ ఈ సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. 1904 నాటి భారత సహకార చట్టము గ్రామసంఘములకు రైఫైజన్ పద్ధతినే ఒరవడిగా గైకొనెను. నిజాము రాజ్యమున 1914లో సహకారోద్యమము మొదలయ్యెను. సిద్దిపేట సీమకు ఇరుగైన ముల్కనూరులో 1956లో శ్రీ అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు స్థాపించిన సహకార సంఘము నేటికిని ప్రఖ్యాతము.

నేడు సభ్యుని బాధ్యత సాధారణముగా వాటా మేరకు పరిమితమైనది. చట్టము ఆ భారమును తగ్గించినను, పొరుగువాని మేలు తన మేలని యెంచు బాధ్యతను తగ్గింపలేదు. చేబదులు తీర్చుటయందును, చందా చెల్లించుటయందును, ఎరువు తెచ్చుకొన్న పుస్తకమును గడువులో తిరిగి యిచ్చుటయందును ఆ బాధ్యత యొక్కటియే. అది యున్నచోట రైఫైజన్ మహాశయుడు జీవించియే యున్నాడు.