మూడు మూలల ఇంజను – ఫెలిక్స్ వాంకెల్ జీవితం

వార్షికోత్సవ సంచికలో ఒక పేరున్న మనిషి జీవితం వేయడం ఆనవాయితీ. ఈసారి ఇంజన్ల మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్ళు ఎక్కువగా ఉన్నారు కాబట్టి, నారాయణఖేడ్ హాస్టల్ నుండి ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి వెళ్ళిన మేమంతా కలిసి రోటరీ ఇంజను కనిపెట్టిన ఫెలిక్స్ వాంకెల్ గురించి రాస్తున్నాము. ఈయన జీవితంలో మెచ్చుకోదగినది ఉంది, మెచ్చుకోలేనిదీ ఉంది. రెండూ రాస్తున్నాము.

వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలోని లార్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి అటవీశాఖ ఉద్యోగి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి చనిపోగా తల్లి పెంచి పెద్ద చేసింది. 1921లో చదువు మధ్యలోనే ఆగిపోయింది. కాలేజీ గడప తొక్కకుండానే హైడెల్‌బర్గ్‌లో పుస్తకాలు అచ్చువేసే ఒక సంస్థలో ఉద్యోగానికి కుదిరాడు. చూపు బాగా తక్కువ. ప్రపంచానికి కొత్త రకం కారు ఇంజను ఇచ్చిన ఈ మనిషికి జీవితాంతం డ్రైవింగ్ లైసెన్సు లేదంటే ఆశ్చర్యమే. 1924లో సొంతంగా చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. 1929లో తిరిగే ఇంజనుకు మొదటి పేటెంటు పొందాడు.

ఇక రెండో సంగతి. యువకుడిగా ఉన్నప్పుడే ఆయన నాజీ పార్టీలో చేరాడు. పుట్టుకను బట్టి మనుషులను ఎక్కువ తక్కువలుగా విడదీసి, సుమారు 60 లక్షల మంది యూదులను చంపిన పార్టీ అది. స్థానిక నాయకుడు అవినీతిపరుడని ఆరోపించినందుకు 1933లో అదే పార్టీ పాలనలో కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. అయినా ఆ దారి వదలలేదు. 1940లో ఎస్.ఎస్. దళంలో పెద్ద హోదా తీసుకున్నాడు. 1942లో ఆ హోదా పోయింది. లిండావ్‌లో ప్రభుత్వ డబ్బుతో నడిచిన ఆయన వర్క్‌షాపును 1945లో ఫ్రెంచి సైన్యం మూసివేసి, ఆయనను కొన్ని నెలలు నిర్బంధించింది. పుట్టుకను చూసి మనిషికి విలువ కట్టడం ఏమిటో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఈ భాగం దాచి ఆయనను మహనీయుడిగా చూపించడం మాకు ఇష్టం లేదు.

1951లో ఎన్.ఎస్.యు. అనే మోటారు సైకిళ్ళ కంపెనీ ఆయనతో ఒప్పందం చేసుకుంది. 1957 ఫిబ్రవరి 1న మొదటి ఇంజను తిరిగింది. అందులో లోపలి రోటర్‌తో పాటు బయటి గది కూడా తిరిగేది. హాన్స్ డీటర్ పాష్కె అనే ఇంజనీరు బయటి గదిని కదలకుండా నిలిపి, తయారీకి సులువైన నమూనా చేశాడు. వాంకెల్‌కు అది నచ్చలేదు. కానీ లోకంలో నిలిచింది అదే.

ఇందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడదు. నడుము దగ్గర కొంచెం నొక్కినట్టున్న గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. రోటర్ ఒక చుట్టు తిరిగితే షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు. అయితే పిస్టన్‌కు రింగులు ఉన్నట్టే రోటర్ మూడు మూలలకూ సన్నని సీళ్ళు ఉండాలి. నొక్కిన గాలి పక్క గదిలోకి పోకుండా ఆపేవి అవే. వాంకెల్ సగం జీవితం ఈ లీకేజీ ఆపడంలోనే గడిచింది. 1967లో వచ్చిన ఎన్.ఎస్.యు. రో 80 కారు మంచి పేరు తెచ్చుకున్నా, సీళ్ళు త్వరగా అరిగి ఇంజన్లు మార్చీ మార్చీ కంపెనీ నష్టపోయింది.

పాత ఆయిలింజను తిప్పిన వాళ్ళకు కంప్రెషన్ అంటే వేరే చెప్పాలా? లివర్ ఎత్తకుండా హ్యాండిల్ తిప్పితే చెయ్యి ఆడదు. గదిలోని గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో అదే కంప్రెషన్ నిష్పత్తి. మామూలు ఇంజనులో హెడ్ చెక్కించి, గాస్కెట్ మందం మార్చి దీన్ని కొంత సవరించవచ్చు. రోటరీకి అలాంటి హెడ్ లేదు. రోటర్ మూడు ముఖాల మీద ఉన్న గుంట లోతే దీన్ని నిర్ణయిస్తుంది. గుంట లోతైతే నిష్పత్తి తక్కువ. అంటే నిష్పత్తి ఎంచుకోవడమంటే రోటర్‌ను ఎంచుకోవడమే.

జపాన్ కంపెనీ మాజ్డా 1961లో ఈ ఇంజనుకు లైసెన్సు తీసుకుంది. దాని 13బి ఇంజనులో 1986 నుండి 1988 వరకు టర్బో లేనిదానికి 9.4, టర్బో ఉన్నదానికి 8.5 నిష్పత్తి గల రోటర్లు వేశారు. 1989 నుండి అవి 9.7, 9.0 అయ్యాయి. ఎందుకీ తేడా? టర్బో ఒక వాతావరణ పీడనం అదనంగా నెట్టిందంటే గదిలోకి సుమారు రెట్టింపు గాలి వెళుతుంది. దాన్ని మళ్ళీ తొమ్మిదో వంతుకు నొక్కితే వేడి పెరిగి, ప్లగ్గు మంట అందకముందే పెట్రోలు తనంత తానే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటాము. పిస్టన్ ఇంజను నాకింగ్‌ను కొంతసేపు ఓర్చుకుంటుంది. రోటరీలో 2 మిల్లీమీటర్ల మందమున్న మూల సీలు విరిగిపోతుంది. ఒక సీలు రెండు గదులకు కాపలా కాబట్టి రెండింటి కంప్రెషనూ పోతుంది. విరిగిన ముక్క సైలెన్సర్ దారి పట్టి టర్బో చక్రాన్ని కూడా కొట్టవచ్చు.

అలాగని నిష్పత్తి బాగా తగ్గించినా నష్టమే. టర్బో అందుకునే వరకు బండి ఈడ్చినట్టు నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రోడ్డు మీద మామూలు బూస్ట్‌తో నడిచే బండికి 9.0 రోటరే సరైనదని మా అభిప్రాయం. కంపెనీయే 8.5 నుండి పైకి వచ్చింది కదా! బూస్ట్ చాలా ఎక్కువ, దొరికేది మామూలు పెట్రోలు అయితే 8.5 కొంత భద్రం. 9.7 రోటర్‌తో టర్బో నడపాలంటే మేలురకం పెట్రోలు, ఓపికగా చేసిన ట్యూనింగ్ తప్పనిసరి. నిజానికి ఈ అర పాయింటు తేడా కంటే పెట్రోలు పాళ్ళు, టైమింగు, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ముఖ్యం. రోటర్లు మారిస్తే వాటి బరువుకు తగిన కౌంటర్ వెయిట్లు వేయాలన్నది కూడా మరువకూడదు.

చదువు మధ్యలో ఆగిన వాంకెల్‌కు 1969లో మ్యూనిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1988 అక్టోబరు 9న ఆయన హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశాడు. ఆ తరువాత మూడేళ్ళకు, 1991లో, ఫ్రాన్స్‌లో 24 గంటలపాటు సాగే లెమాన్స్ పందెంలో మాజ్డా 787బి కారు నాలుగు రోటర్ల ఇంజనుతో గెలిచింది. ఒక జపాన్ కంపెనీ ఆ పందెం గెలవడం అదే మొదటిసారి. ఆ ఇంజనులో ప్రతి రోటర్‌కు మూడు ప్లగ్గులు, మూలల్లో సిరామిక్ సీళ్ళు ఉన్నాయి. కంప్రెషన్ నిష్పత్తి 10. టర్బో మాత్రం లేదు.