రెవ. ఆంటన్ బోయిసెన్ – మనోరోగుల కాపరి

మన సంఘములో ఒకరికి టైఫాయిడు వచ్చినదని తెలిసిన, ఆదివార ఆరాధనలో పేరు చెప్పి ప్రార్థింతుము. ఇంటికి వెళ్లి పరామర్శింతుము. అదే ఒకరికి మతి చలించినదనిన, ఇంటివారు తలుపు మూసికొందురు, మనమును ఆ వైపు పోము. ఆ మూసిన తలుపు లోపల తానే కొంతకాలము గడిపిన ఒక దైవసేవకుని జీవితమును ఈ శతవార్షిక సంచికలో తలంచుకొందము.

ఆంటన్ బోయిసెన్ 1876 అక్టోబరు 29న అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బ్లూమింగ్టన్ పట్టణములో జన్మించెను. ఏడేండ్ల వయస్సుననే తండ్రిని పోగొట్టుకొని తాతగారి ఇంట పెరిగెను. 1897లో పట్టభద్రుడై, మొదట అటవీశాస్త్రము నభ్యసించెను. పిమ్మట న్యూయార్కులోని యూనియన్ సెమినరీలో చదివి 1911లో వేదాంత విద్య ముగించెను. గ్రామ సంఘములలో సేవచేసెను; మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సులో వై.ఎం.సి.ఏ. తరఫున సైనికుల మధ్య పనిచేసెను.

1920 అక్టోబరులో, తన విశ్వాస ప్రమాణమును వ్రాసికొనుచున్న దినములలో, ఆయన మతి తప్పెను. లోకమునకు మహా విపత్తు రానున్నదను తలంపు ఆయనను ముంచివేసెను. ఆసుపత్రిలో చేర్చిరి. బాగుపడునను ఆశ లేదని వైద్యులు బంధువులకు తెలియజేసిరి. అయినను సుమారు 15 మాసములకు, 1922 జనవరిలో, ఆయన స్వస్థచిత్తుడై వెలుపలికి వచ్చెను.

వార్డులో నున్నప్పుడే ఆయనకు ఒక సంగతి స్పష్టమాయెను. శరీర రోగులకొరకు ఆసుపత్రులు కట్టిన సంఘము, మనోరోగులను దాదాపు మరచిపోయినది. అక్కడ నున్నవారి భయము, అపరాధభావము, దేవునితో పెనుగులాట ఆలకించు గురువు లేడు. కొందరి మతిభ్రమ వెనుక ఆత్మ తన చిక్కును విప్పుకొనవలెనను ప్రయత్నమున్నదని ఆయన గ్రహించెను. తాను పడిన బాధయే తన పిలుపని యెంచెను.

బోస్టనులో డాక్టరు రిచర్డ్ కాబట్ వద్ద శిక్షణ పొంది, 1924లో వూస్టర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి చాప్లిన్‌గా నియమింపబడెను. 1925 వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను వార్డులలో పరిచారకులుగా పెట్టి, రోగులతో మెలగుచు నేర్చుకొనునట్లు చేసెను. గ్రంథములను చదివినంత శ్రద్ధగా మనుష్యుల జీవితములనుకూడ చదువవలెనన్నది ఆయన బోధ. ఈ శిక్షణను విస్తరింపజేయుటకు 1930లో ఒక సంఘము రిజిస్టరు కాబడెను. నేడు మన దేశములో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి చోట్ల గురువులకిచ్చు ఆసుపత్రి శిక్షణకు మూలము ఇదియే.

అయితే ఆయన కథ ఒక్కమారు బాగుపడి ముగిసినది కాదు. 1930లో జబ్బు మరల వచ్చెను. 1902 నుండి ఆయన ప్రేమించినను వివాహమునకు సమ్మతింపని ఆలిస్ బాచెల్డర్ అను ఆమె 1935లో మరణించినప్పుడు, మూడవమారు పడిపోయెను. ప్రతిమారు లేచి పనిలోనికి వచ్చెను. 1932 నుండి ఇల్లినాయ్ రాష్ట్రములోని ఎల్జిన్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా సేవచేసెను. 1936లో మతిభ్రమను, మతానుభవమును పోల్చి చూచిన తన ముఖ్య గ్రంథమును ప్రచురించెను. 1960లో తన రోగమును దాచక ఆత్మకథ వ్రాసెను. 1965 అక్టోబరు 1న ఎల్జిన్‌లో నిద్రించెను.

మనోరోగములన్నియు ఆత్మసంబంధమైన పెనుగులాటలే అని మనము అనుకొనరాదు. డాక్టరు కాబట్ కూడ ఈ విషయమున ఆయనతో ఏకీభవింపలేదు. శరీరములోని కారణములును, మందుల అవసరమును నేడు మనకు తెలియును. కాని మందు ఇచ్చువారు ఉన్నంతమాత్రమున, ప్రక్కన కూర్చుండి వినువారి అవసరము తీరదు.

కావున, ప్రియ సహోదరీ సహోదరులారా, మన సంఘములో ఏ ఇంటి తలుపు మూసియున్నదో మనకు తెలియును. వారిని ముందుగా వైద్యుని యొద్దకు చేర్చుదము. వెళ్లి కూర్చుందము, ఉపదేశింపక ఆలకింతము. ఆ బాధ దాటి వచ్చినవారెవరైనను మన మధ్య ఉన్నయెడల, వారిని వెనుకకు నెట్టక, ఈ పరిచర్యలో ముందు నిలుపుదము.