అల్ జజరీ యంత్రాలను ప్రపంచానికి చదివి చెప్పిన ఇంజినీర్.. డొనాల్డ్ హిల్

కారు ఇంజిన్‌లో పిస్టన్లు ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి. ఆ కదలికను తిరుగుడుగా మార్చేది క్రాంక్‌షాఫ్ట్. ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా ఈ మాట చెబుతారు. అయితే క్రాంక్‌ను ఒక యంత్రంలో భాగంగా వాడిన తొలి వివరణల్లో ఒకటి అరబీ గ్రంథంలో ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఇప్పటి టర్కీలోని దియార్‌బకిర్‌లో, అర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసిన అల్ జజరీ 1206లో ఆ గ్రంథం పూర్తి చేశారు. దాన్ని మొత్తంగా ఇంగ్లిషులోకి తెచ్చిన వ్యక్తి డొనాల్డ్ రూట్లెడ్జ్ హిల్. ఆయన ముస్లిం కాదు, అరబ్బూ కాదు. బ్రిటన్‌కు చెందిన ఇంజినీర్.

హిల్ 1922లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి ఉత్తర ఆఫ్రికాకు వెళ్లారు. యుద్ధం అయ్యాక లండన్‌లో ఇంజినీరింగ్ చదివి, ఇరాక్ పెట్రోలియం కంపెనీ ఉద్యోగిగా అరబ్ దేశాల్లో పనిచేశారు. అరబీ భాష మీద ఆసక్తి ఆ ఏళ్లలోనే ముదిరింది. బ్రిటన్ తిరిగొచ్చాక కూడా చదువు ఆపలేదు. 1964లో డర్హమ్ యూనివర్సిటీ నుంచి ఇస్లామిక్ చరిత్రలో డిగ్రీ, 1970లో లండన్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. అప్పటికి వయసు నలభై ఏడు దాటింది.

అల్ జజరీ పుస్తకం పాశ్చాత్య దేశాలకు అప్పటికి పూర్తిగా తెలియనిదేమీ కాదు. జర్మన్ పండితులు కొన్ని భాగాలు అనువదించారు. ఏనుగు గడియారం లాంటి రంగుల బొమ్మల పుటలు మ్యూజియంలకు చేరాయి. కానీ వాటిని ఎక్కువమంది కళగానే చూశారు. హిల్ మాత్రం అందులో కొలతలు చూశారు. గొట్టం ఎంత పొడవు, కవాటం ఎలా కూర్చుంటుంది, నీటి బరువు ఎక్కడ పడుతుంది.. ఇవన్నీ ఇంజినీర్ కళ్లతో సరిచూశారు. 1974లో ఆయన అనువాదం అచ్చయింది. సాంకేతిక చరిత్ర రంగంలో పేరున్న డెక్స్‌టర్ ప్రైజ్ దానికి దక్కింది.

ఆ పుస్తకంలోని యాభై యంత్రాల్లో ఒక నీటి పంపు ఉంది. నీటి చక్రం తిరిగితే పళ్ల చక్రాల ద్వారా ఒక కడ్డీ అటూ ఇటూ ఊగుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు పిస్టన్లలో ఒకటి నీటిని పీలుస్తుంటే ఇంకొకటి పైకి తోస్తుంది. పిస్టన్‌కు జనపనార చుట్టి లీకేజీ ఆపారు. మూసిన అచ్చు పెట్టెల్లో ఇసుకతో లోహం పోత పోసే పద్ధతి కూడా అందులో రాసి ఉంది.

హిల్ అంతటితో ఆగలేదు. 9వ శతాబ్దపు బగ్దాద్‌లో బనూ మూసా సోదరులు రాసిన యంత్రాల పుస్తకాన్ని 1979లో అనువదించారు. 1986లో అహ్మద్ యూసుఫ్ అల్ హసన్‌తో కలిసి ఇస్లామిక్ సాంకేతికత మీద సచిత్ర చరిత్ర తెచ్చారు. 1994లో కన్నుమూశారు.

ఇప్పుడు వాట్సాప్‌లో అన్నీ ముస్లింలే కనిపెట్టారంటూ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఆధారం అడిగితే జవాబుండదు. హిల్ పద్ధతి వేరు. అల్ జజరీ కొత్తగా చేసిందేమిటో, ముందువాళ్ల నుంచి తీసుకున్నదేమిటో విడదీసి చూపారు. నిజానికి అల్ జజరీ కూడా అదే చేశారు. ఫౌంటెన్ల దగ్గర బనూ మూసా పేరు చెప్పి, వాళ్ల పద్ధతిలో లోపం ఎక్కడుందో రాశారు.

మన ఇళ్లలో ఒక అబ్బాయి మదర్సాలో అరబీ చదువుతాడు, ఇంకో అబ్బాయి బీటెక్ చేస్తాడు. ఇద్దరూ ఒకే పుస్తకం ముందు కూర్చోవడం అరుదు. హిల్ ఆ రెండు చదువులూ ఒక్కడే చదివారు. అందుకే ఏడున్నర శతాబ్దాల నాటి పంపు ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పగలిగారు. అరబీ చేతిరాత ప్రతులు ప్రపంచ లైబ్రరీల్లో ఇంకా బోలెడన్ని ఉన్నాయి. వాటిని చదవడానికి భాష వచ్చిన ఇంజినీర్లు కావాలి.