భూమిని కొలిచిన లాంబ్టన్

పూర్వం మన పల్లెల్లో పూలను మూరతోను, గుడ్డను గజంతోను, దారిని ఆమడతోను కొలిచేవారు. చేయి మారితే మూర మారుతుంది. ఇంటి అవసరాలకు ఆ తేడా అంతగా బాధించదు. కాని ఒక దేశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి వరకు కొలవదలచినప్పుడు ప్రమాణంలోని వెంట్రుకవాసి లోపం కూడా కోసుల కొద్దీ పెరుగుతుంది. ఈ సత్యాన్ని గ్రహించి, కొలమానం చెదరకుండా కాపాడటానికి ఇరవై ఏళ్లు వెచ్చించిన శాస్త్రజ్ఞుడు విలియం లాంబ్టన్.

లాంబ్టన్ ఇంగ్లండులోని యార్క్‌షైరులో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. సైన్యంలో చేరి, కెనడాలో చాలాకాలం పనిచేసి, గణిత గ్రంథాలను స్వయంకృషితో అధ్యయనం చేశాడు. 1796 ప్రాంతంలో భారతదేశానికి వచ్చాడు. 1799లో శ్రీరంగపట్నం యుద్ధ సమయాన ఒక రాత్రి తమ దళం ఉత్తరానికి బదులు దక్షిణంగా, శత్రువు వైపే నడుస్తున్నదని నక్షత్రాలను చూసి గుర్తించాడు. ఆ యుద్ధం ముగిశాక దక్షిణ భారతాన్ని త్రికోణమితి పద్ధతిలో కొలవాలని ప్రతిపాదించాడు. పన్నుల కోసం, సైన్యాల కదలికల కోసం పటాలు కావలసిన కంపెనీ ప్రభుత్వం అందుకు అంగీకరించింది. లాంబ్టన్ మనసు మాత్రం భూమి ఆకారాన్ని నిర్ణయించడం మీదనే నిలిచింది.

త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలను లెక్కకట్టవచ్చు. ఆ భుజాల మీద మరిన్ని త్రిభుజాలను నిర్మిస్తూ దేశమంతా వ్యాపించవచ్చు. అయితే మొదటి భుజమైన ఆధారరేఖ తప్పితే తక్కినవన్నీ తప్పుతాయి. అందుకే 1802 ఏప్రిల్ 10న మద్రాసు సమీపాన ఆధారరేఖ కొలత ప్రారంభించినప్పుడు ఆయన అపారమైన జాగ్రత్త వహించాడు. రేఖ పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. కొలిచిన ఉక్కు గొలుసు పొడవు నూరడుగులు. దానిని నాలుగు వందల సార్లు పరచవలసి వచ్చింది. అంతటి గొలుసు ఒక సెల్సియస్ డిగ్రీ వేడికి మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. ఉదయానికీ మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీల తేడా ఉంటే, రేఖ మొత్తం మీద ఆ దోషం రెండున్నర మీటర్లకు మించుతుంది. కనుక గొలుసు పక్కన ఉష్ణమాపకాలను ఉంచి వేడిని నమోదు చేయించాడు. మరొక గొలుసును కొలతలకు వాడక, ప్రమాణంగా భద్రపరిచాడు.

కోణాలను కొలిచే థియోడొలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు ఆలయ శిఖరం మీదికి తాళ్లతో ఎక్కిస్తుండగా అది గోడకు తగిలి వంకరపోయింది. లాంబ్టన్ నిరాశ చెందలేదు. ఆరు వారాలు ఏకాగ్రతతో శ్రమించి, దాని వలయాన్ని తన చేతులతోనే సరిచేశాడు.

దక్షిణాన కన్యాకుమారి ప్రాంతం నుంచి ఉత్తరానికి సాగిన ఈ కొలత 1815 నాటికి బీదరును చేరింది. హైదరాబాదు దాని కేంద్రమైంది. 1819లో ఆయన సహాయకుడు జార్జ్ ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో పనిచేస్తూ తీవ్రమైన జ్వరానికి గురయ్యాడు. బృందంలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. పరికరాలు మోసి, కొండలెక్కి, జెండాలు పట్టిన ఆ శ్రామికులలో చాలామంది పేర్లు చరిత్రకెక్కలేదు.

డెబ్బై ఏళ్లకు చేరువైనా, క్షయతో కృశించినా లాంబ్టన్ విశ్రాంతి కోరలేదు. 1823లో హైదరాబాదు నుంచి నాగపూరుకు బయలుదేరి, జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే నేటి జాతీయ రహదారిలో పెన్‌గంగ దాటి ముందుకు సాగితే ఆ ఊరు వస్తుంది. ఆయన సమాధి అక్కడే ఉంది.

లాంబ్టన్ కొలతలలో చాలా భాగాన్ని తరువాతివారు మెరుగైన సాధనాలతో మళ్లీ కొలిచి సవరించారు. దోషాన్ని వెదికి తగ్గించడమనే ఆయన మార్గంలోనే వారూ నడిచారు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఉత్తరధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటవ వంతును మీటరు అన్నారు. వారి కొలతలోనూ కొద్దిపాటి లోపం ఉన్నదని పిదప తేలింది. లోహపు కడ్డీ కంటె స్థిరమైన ప్రమాణాన్ని అన్వేషించి, 1960లో క్రిప్టాన్ పరమాణువు వెలువరించే నారింజ ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యంతో మీటరును నిర్వచించారు. 1983 నుంచి కాంతి వేగమే దానికి ఆధారం. తరంగదైర్ఘ్యాలను మీటరులో వందకోటవ వంతైన నానోమీటరులోను, అందులో పదోవంతైన ఆంగ్‌స్ట్రామ్‌లోను చెబుతారు. సోడియం దీపపు పసుపు కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 589 నానోమీటర్లు. ఇంతటి సూక్ష్మతను నేడు ప్రయోగశాలలు సాధిస్తున్నాయి. నూరడుగుల గొలుసు సాగుదలను ఎండలో నిలబడి లెక్కించిన లాంబ్టన్ దీక్ష ఆ సాధనకు మార్గం చూపిన తొలి కృషిలో ఒకటి.